క్లోమ క్యాన్సర్: గడ్డ కంటే ముందు నాళాన్ని చూడాలి

పాఠకుల ప్రశ్నలు – వైద్యుల జవాబులు

క్లోమ (పాంక్రియాస్) క్యాన్సర్‌ను స్కాన్‌తో ముందే పట్టుకోవచ్చా అని అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లోంచి ఏడింటిని ఇక్కడ తీసుకున్నాం. రాసినవాళ్ల పేర్లు వేయలేదు, ఉత్తరాలను కాస్త కుదించాం.

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. మా ఇంట్లో ఎవరికీ షుగర్ లేదు. ఎనిమిది నెలల కింద ఆయనకు ఉన్నట్టుండి షుగర్ బయటపడింది. అప్పటినుంచి ఏడు కిలోలు తగ్గారు, తిండి మాత్రం మామూలుగానే తింటున్నారు. పొట్ట అల్ట్రాసౌండ్ తీయిస్తే అంతా నార్మల్ అన్నారు. కానీ రిపోర్టులో ‘గ్యాస్ అడ్డు రావడం వల్ల క్లోమం పూర్తిగా కనిపించలేదు’ అని ఒక వాక్యం ఉంది. సీటీ తీయించాలా? తీయిస్తే ఏ సీటీ? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఆ ఒక్క వాక్యం మీ కంట పడటం మంచిదైంది. క్లోమం కనిపించలేదంటే క్లోమం బాగుందని కాదు. అది 12 నుంచి 15 సెంటీమీటర్ల పొడవుండే గ్రంథి. జీర్ణాశయం వెనకాల, వెన్నెముకకు ఆనుకుని అడ్డంగా ఉంటుంది. ముందు జీర్ణాశయం, దాని కింద పెద్దపేగు, రెండింట్లోనూ గాలే. అల్ట్రాసౌండ్ తరంగం గాలిని దాటి పోలేదు. అందుకే చాలామందిలో క్లోమం తల కొంత కనిపిస్తుంది, తోక భాగం అసలు కనిపించదు. ఆరేడు గంటలు ఏమీ తినకుండా పొద్దున్నే వెళ్లి, పరీక్షకు ముందు రెండు గ్లాసుల మంచినీళ్లు తాగి, కూర్చుని, పక్కకు తిరిగి చూపించుకుంటే కొంత మెరుగ్గా కనిపిస్తుంది. అయినా మీ నాన్నగారి విషయంలో మళ్లీ అల్ట్రాసౌండ్ దగ్గరే ఆగమని మేం చెప్పం.

కారణం షుగర్, బరువు రెండూ కలిసి రావడం. యాభై దాటాక కొత్తగా షుగర్ వచ్చినవాళ్లందరికీ క్లోమ క్యాన్సర్ భయం పెట్టనక్కర్లేదు. అమెరికాలో మేయో క్లినిక్ వైద్యుడు సురేశ్ చారి బృందం 2005లో ప్రచురించిన లెక్కలో, అలాంటి 2,122 మందిలో మూడేళ్లలోపు క్లోమ క్యాన్సర్ బయటపడింది 18 మందికే. అంటే నూటికి ఒక్కరు కూడా లేరు. కానీ మామూలు టైప్ 2 షుగర్ ఎక్కువగా బరువు పెరుగుతున్నవాళ్లకు వస్తుంది. బరువు తగ్గుతూ, కుటుంబ చరిత్ర లేకుండా, కొద్ది నెలల్లోనే షుగర్ వేగంగా ఎక్కితే లెక్క మారుతుంది. అదే బృందం తర్వాత షుగర్ మొదలైన వయసు, బరువులో తేడా, షుగర్ పెరిగిన వేగం అనే మూడింటితో ‘ఎండ్‌ప్యాక్’ అనే స్కోరు తయారుచేసింది. స్కోరు 3, ఆపైన వచ్చినవాళ్లలో మూడేళ్లలోపు క్యాన్సర్ తేలింది నూటికి ముగ్గురు నలుగురిలో. అంటే పెద్ద స్కోరు వచ్చినవాళ్లలో కూడా ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. ఈ మాట నాన్నగారికి కూడా చెప్పండి. అయినా స్కాన్ తీయించాల్సిందే, వచ్చే నెలకు వాయిదా వేయకండి. థైరాయిడ్ ఎక్కువైనా, కొన్ని షుగర్ మందుల వల్లా కూడా బరువు తగ్గుతుంది. వాటినీ పక్కనే చూడమని మీ డాక్టర్‌ను అడగండి.

ఇక ఏ సీటీ అన్నది. ‘సీటీ అబ్డామెన్’ అని మాత్రమే రాసిన చీటీతో వెళితే చాలా సెంటర్లలో నరంలోకి కాంట్రాస్ట్ మందు (బొమ్మలో రక్తం ఉన్నచోట్లను తెల్లగా చూపే మందు) ఎక్కించిన 70 సెకన్ల దగ్గర ఒకే ఒక్క విడత తీసి పంపిస్తారు. కాలేయానికి అది బాగానే సరిపోతుంది. చిన్న క్లోమ క్యాన్సర్ తప్పిపోయేది సరిగ్గా అక్కడే. క్లోమ క్యాన్సర్ గడ్డలో నారలాంటి గట్టి కణజాలం ఎక్కువ, రక్తనాళాలు తక్కువ. కాబట్టి మందు ఎక్కినప్పుడు ఆరోగ్యంగా ఉన్న క్లోమం తెల్లగా వెలుగుతుంది, గడ్డ దాని మధ్య మసక మచ్చలా మిగులుతుంది. ఈ తేడా బాగా తెలిసేది సూది మొదలైన 40–45 సెకన్ల ప్రాంతంలో. 70 సెకన్లకు వచ్చేసరికి గడ్డ కూడా నెమ్మదిగా మందు పీల్చుకుని తేడా చెరిగిపోతుంది. ఆ రెండో విడత కూడా కావాలి, ఎందుకంటే కాలేయంలో మచ్చలు, పోర్టల్ సిర (పేగులనుంచి కాలేయానికి రక్తం తీసుకెళ్లేది) పరిస్థితి తెలిసేది అందులోనే. అందువల్ల చీటీ మీద ‘పాంక్రియాటిక్ ప్రోటోకాల్, బైఫేజిక్ సీటీ’ (అంటే రెండు విడతల సీటీ) అని రాయించుకోండి. ‘కొత్తగా షుగర్, ఏడు కిలోల బరువు నష్టం, క్లోమంలో గడ్డ ఉందేమో చూడాలి’ అనే కారణం కూడా అక్కడే ఉండాలి. రేడియాలజిస్టుకు ఏం వెతకాలో తెలిస్తే చూసే తీరే వేరుగా ఉంటుంది.

సెంటర్‌లో జరగాల్సింది ఇదీ. మోచేతి మడత దగ్గర పెద్ద నరానికి 18 లేదా 20 గేజ్ క్యాన్యులా పెట్టాలి. మణికట్టు మీద సన్నటి సూది పెడితే మందు సెకనుకు 4–5 మి.లీ. వేగంతో వెళ్లలేదు, వేగం తగ్గితే 45 సెకన్ల లెక్క మొత్తం తప్పుతుంది. మందు సాధారణంగా 100 నుంచి 150 మి.లీ., బరువును బట్టి. తాగడానికి ఇచ్చేది మంచినీళ్లే అయి ఉండాలి, అర లీటరు నుంచి లీటరు దాకా. పాత అలవాటు కొద్దీ తెల్లగా కనిపించే మందు తాగిస్తే పేగు మెరిసిపోయి, పక్కనే ఉన్న క్లోమం తల మీద గీతలు పడతాయి. సీటీ బొమ్మ ముక్కలు (స్లైసులు) 1 మి.మీ. లేదా అంతకంటే పలచగా ఉండాలి. 5 మి.మీ. ముక్కల్లో 8 మి.మీ. గడ్డ ఒకటి రెండు బొమ్మల్లో మసగ్గా వచ్చి పోతుంది.

ముందుగా రక్తంలో క్రియాటినిన్ చూపించి ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు వడపోసే వేగం) లెక్క కట్టించండి. అది 30 పైన ఉండి, కిడ్నీకి హఠాత్తు జబ్బేమీ లేకపోతే మెట్‌ఫార్మిన్ (షుగర్ మాత్ర) ఆపనక్కర్లేదు. 30 కంటే తక్కువైతే ఆపి, 48 గంటల తర్వాత కిడ్నీ పరీక్ష చూసుకుని మొదలుపెడతారు. గతంలో కాంట్రాస్ట్ మందుకు దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే ముందే చెప్పాలి.

రిపోర్టు వచ్చాక ‘గడ్డ లేదు’ అన్న మాట దగ్గర ఆగకండి. క్లోమ నాళం (క్లోమంలో తయారైన జీర్ణరసం పేగులోకి పోయే సన్నటి గొట్టం) వెడల్పు ఎంత, అది ఎక్కడైనా ఉన్నట్టుండి ఆగిపోయిందా, ఒక చోటి నుంచి తోక వైపు క్లోమం సన్నబడిందా – ఈ మూడూ రిపోర్టులో ఉన్నాయేమో చూడండి. లేకపోతే అడిగి రాయించుకోండి. మొత్తం మీద పదింట ఒక క్యాన్సర్ దాకా సీటీలో చుట్టూ ఉన్న క్లోమం రంగులోనే కలిసిపోతుంది. 2 సెం.మీ. లోపు గడ్డల్లో ఇది ఇంకా ఎక్కువ. అలాంటప్పుడు దాని జాడ చెప్పేది నాళమే. ఫిల్ములతో సరిపెట్టుకోకుండా సీడీ తీసుకోండి. రెండో అభిప్రాయానికి వెళ్లినప్పుడు ఫిల్ము మీద ఉన్న అరవై బొమ్మలతో పని జరగదు, సీడీలో ఉండే వందల ముక్కలు కావాలి.

ప్రశ్న: నా వయసు 57. కడుపునొప్పికి సీటీ తీస్తే గడ్డ ఏదీ లేదు, ‘క్లోమ నాళం 5 మి.మీ.కి వెడల్పయింది, మెడ భాగం దగ్గర సన్నబడింది’ అని వచ్చింది. డాక్టర్ ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ చేయించమంటున్నారు. గడ్డే లేనప్పుడు ఎందుకు? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ డాక్టర్ సరైన మాటే చెప్పారు. మామూలుగా నాళం 3 మి.మీ. లోపే ఉంటుంది. ఒక చోట సన్నబడి, దాని వెనకాల వెడల్పయిందంటే అక్కడ ఏదో నొక్కుతోంది, లేదా నాళం లోపలి పొరలోనే మార్పు మొదలైంది. పాత వాపు మచ్చ కావచ్చు, చిన్న రాయి కావచ్చు. క్యాన్సర్ తొలి దశ కూడా కావచ్చు. నాళం పొర దాటని దశలో క్యాన్సర్‌కు గడ్డే ఉండదు, కనిపించేదల్లా ఈ సన్నబడటమే. జపాన్‌లో హిరోషిమా దగ్గరి ఒనోమిచి పట్టణంలో 2007 నుంచి చేస్తున్న పని దీనిమీదే నిలబడింది. అక్కడ వీధి క్లినిక్కుల డాక్టర్లు మామూలు అల్ట్రాసౌండ్‌లో గడ్డ కోసం ఎదురుచూడరు. నాళం వెడల్పయినా, నీటి తిత్తి కనిపించినా వెంటనే పెద్దాసుపత్రికి పంపుతారు. అక్కడ ఎంఆర్‌సీపీ (నాళాలను చూపే ఎంఆర్ఐ), ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (నోటి గుండా గొట్టం పంపి లోపలినుంచి తీసే అల్ట్రాసౌండ్) చేస్తారు. తొలి దశలో దొరికేవాళ్ల సంఖ్య అక్కడ స్పష్టంగా పెరిగింది. జపాన్ దేశవ్యాప్త రిజిస్ట్రీలో 1 సెం.మీ. లోపు దొరికినవాళ్లలో ఐదేళ్లు బతికినవాళ్లు 80 శాతం దాకా ఉన్నారు. అన్ని దశలూ కలిపి చూస్తే అమెరికా లెక్కల్లో అది 13 శాతం.

ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌లో అంత సూక్ష్మంగా ఎలా కనిపిస్తుందో చెబుతాం. పొట్ట మీద పెట్టే ప్రోబ్ 3–5 మెగాహెర్ట్జ్‌ది. తరంగం పది సెంటీమీటర్ల లోతుకు పోవాలి కాబట్టి అంతకంటే పెంచలేం. ఎండోస్కోపు చివర ఉండే ప్రోబ్‌ను 5 నుంచి 12 మెగాహెర్ట్జ్ దాకా వాడతారు. పౌనఃపున్యం పెరిగితే బొమ్మ సన్నగా, స్పష్టంగా వస్తుంది కానీ లోతుకు పోదు. ఇక్కడ లోతు అవసరమే లేదు. ప్రోబ్ జీర్ణాశయం లోపల ఉంటుంది, గోడకు అవతల కొద్ది మిల్లీమీటర్ల దూరంలో క్లోమం. మధ్యలో గ్యాస్ లేదు, కొవ్వు లేదు. సీటీలో జాడ తెలియని 5 మి.మీ. గడ్డ కూడా అనుభవమున్న చేతుల్లో కనిపిస్తుంది. ప్రోబ్ జీర్ణాశయంలో ఉన్నప్పుడు క్లోమం మధ్యభాగం, తోక కనిపిస్తాయి. ఆంత్రమూలంలోకి (చిన్నపేగు మొదటి భాగంలోకి) దిగాక తల, పిత్తనాళం కనిపిస్తాయి. తల కింది కొస చూడటం అన్నిటికంటే కష్టం, తొందరపడితే తప్పిపోయేది అదే. ఈ పరీక్ష ఫలితం యంత్రం కంటే చేసే మనిషి మీద ఎక్కువ ఆధారపడుతుంది. ‘ఇక్కడ ఇవి తరచుగా చేస్తారా, పాథాలజిస్టు అందుబాటులో ఉంటారా’ అని అడగడానికి మొహమాటపడకండి.

ముందు 6 నుంచి 8 గంటలు ఖాళీ కడుపు. క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మందు వాడుతుంటే, సూది వేసే అవకాశం ఉన్నప్పుడు దాన్ని 5–7 రోజుల ముందు ఆపుతారు. మీకు మీరే ఆపకూడదు, గుండె డాక్టర్ సరేనన్నాకే ఆపాలి. ఆస్పిరిన్ ఒక్కటే అయితే సాధారణంగా ఆపరు. సెమాగ్లూటైడ్ లాంటి వారానికోసారి ఇంజెక్షన్ తీసుకుంటుంటే మత్తు డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. దానివల్ల తిన్నది జీర్ణాశయంలోనే నిలిచిపోయి, మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. పరీక్ష అరగంట అటూ ఇటూ పడుతుంది. ఆ రోజు బండి నడపకూడదు, వెంట ఒకరుండాలి.

అనుమానించే మచ్చ కనిపిస్తే 22 లేదా 25 గేజ్ సూదితో ముక్క తీస్తారు. క్లోమ వాపు, రక్తస్రావం నూటికి ఒకరిద్దరికి మించి రావు. ఇంకో విషయం. ఆపరేషన్‌కు వీలైన గడ్డ స్పష్టంగా ఉంటే కొందరు సర్జన్లు ముక్క తీయకుండానే ఆపరేషన్‌కు వెళతారు. అది నిర్లక్ష్యం కాదు, మార్గదర్శకాలు ఒప్పుకుంటాయి. తల భాగంలో సూది పోయే దారి ఆంత్రమూలం గుండా ఉంటుంది, ఆపరేషన్‌లో అది ఎలాగూ తీసేస్తారు. తోక భాగంలో దారి జీర్ణాశయం గోడ గుండా పోతుంది, ఆ గోడ లోపలే మిగిలిపోతుంది. ఆ దారిలో క్యాన్సర్ కణాలు మిగలడం అరుదే అయినా జరుగుతుంది. కానీ కీమో ముందు ఇవ్వాలనుకుంటే ముక్క పరీక్ష తప్పదు. ఆటోఇమ్యూన్ క్లోమ వాపు అనే జబ్బు అచ్చం క్యాన్సర్‌లాగే కనిపిస్తుంది, స్టెరాయిడ్ మాత్రలతో తగ్గిపోతుంది. ఆ అనుమానం ఉన్నా ముక్క తీయాల్సిందే, రక్తంలో ఐజీజీ4 అనే ప్రతిరక్షకాన్ని కూడా చూస్తారు.

పరీక్షలో ఏమీ కనిపించకపోతే మూడు నుంచి ఆరు నెలల్లో ఎంఆర్ఐ మళ్లీ తీసి నాళం కొలత పోల్చుకోవాలి. అంతా బాగుందని ఫైలు మూసేయకండి.

ప్రశ్న: మా కంపెనీ హెల్త్ ప్యాకేజీలో ‘క్యాన్సర్ మార్కర్’ అని సీఏ 19-9 కలిపారు. ఏటా చేయిస్తే సరిపోతుందా? లేక పెట్ స్కాన్ తీయించుకోమంటారా? నాకు ఏ ఇబ్బందీ లేదు, వయసు 45. – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: రెండూ వద్దు. సీఏ 19-9 అనేది రక్తంలో కొలిచే ఒక పదార్థం, సాధారణంగా 37 లోపు ఉండాలి. కామెర్లు, పిత్తనాళం రాళ్లు, క్లోమ వాపు, చివరికి షుగర్ అదుపు తప్పినా పెరుగుతుంది. మరోవైపు నూటికి ఐదు నుంచి పది మంది శరీరంలో ఆ పదార్థమే తయారవదు, వాళ్లకు క్యాన్సర్ ముదిరినా అంకె మారదు. క్యాన్సర్ తేలాక చికిత్స పనిచేస్తోందా లేదా చూడటానికి ఇది మంచి పరీక్షే. పెట్ స్కాన్ 1 సెం.మీ. లోపు గడ్డలను తరచుగా వదిలేస్తుంది, షుగర్ ఎక్కువ ఉంటే ఇంకా మసకబారుతుంది, వాపును క్యాన్సర్‌లా వెలిగిస్తుంది. లక్షణాలు లేని, కుటుంబ చరిత్ర లేని మామూలు మనిషికి క్లోమ క్యాన్సర్ స్క్రీనింగ్ చేయవద్దని అమెరికా నివారణ సేవల కార్యదళం 2019లో మళ్లీ ఖాయం చేసింది. అరుదైన జబ్బు కోసం అందరినీ వెతికితే దొరికేది ఎక్కువగా తప్పుడు అనుమానాలే. వాటి వెంట పడి సూదులు, ఆపరేషన్ల దాకా పోయినవాళ్లు నష్టపోతారు.

మీరు చేయగలిగింది సిగరెట్ మానడం, అలవాటు ఉంటే.

ప్రశ్న: అమ్మ 58వ ఏట, మేనమామ 52వ ఏట క్లోమ క్యాన్సర్‌తో పోయారు. నాకు 44. నేను డాలస్‌లో, అన్నయ్య గుంటూరులో ఉంటాం. మేమిద్దరం ఏం చేయాలి? మా అన్నయ్యది మేనరికం, వదిన మా మేనమామ కూతురే. – ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: ముందటి జవాబు మీకు వర్తించదు. మీ ఇద్దరికీ ఏటా పరీక్ష కావాలి, మీ వదినగారికి కూడా. అమ్మ, మేనమామ ఒకరికొకరు తోబుట్టువులు, మీకు అమ్మ మొదటి వరస బంధువు. క్యాప్స్ అనే అంతర్జాతీయ నిపుణుల బృందం నియమాల ప్రకారం ఇది చాలు. జన్యులోపం దొరకని కుటుంబాల్లో 50–55 ఏళ్లకు, లేదా ఇంట్లో అందరికంటే చిన్న వయసులో జబ్బు వచ్చినవారి వయసుకు పదేళ్ల ముందు మొదలుపెట్టాలి. మీ ఇంట్లో ఆ వయసు 52. అంటే 42కే మొదలవ్వాలి. మీరు ఇప్పుడు ఆలస్యం చేయకండి.

మొదటి పని జన్యు పరీక్ష. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2, ఏటీఎం, పీఏఎల్‌బీ2, సీడీకేఎన్2ఏ, ఎస్‌టీకే11, టీపీ53, లించ్ సిండ్రోమ్ జన్యువులు అందులో ఉండాలి. జబ్బు వచ్చినవాళ్లను పరీక్షిస్తే ఫలితం ఖచ్చితంగా ఉండేది. వాళ్లు లేరు కాబట్టి మీలో ఒకరితో మొదలుపెట్టండి. మీకు లోపం దొరక్కపోతే దాని అర్థం ‘ఇంట్లో లోపం లేదు’ అని కాదు, మీకు రాలేదేమో. అప్పుడు కూడా ఏటేటా పరీక్ష మానకూడదు.

మేనరికం గురించి రాసి మంచి పని చేశారు. ఇది చాలామంది డాక్టర్లు అడగడం మరిచిపోయే విషయం. అమ్మలోనూ మేనమామలోనూ ఒకే లోపం ఉండి ఉంటే అది మీ అన్నయ్యకూ, వదినగారికీ ఇద్దరికీ వచ్చి ఉండొచ్చు. అప్పుడు పిల్లలకు రెండు వైపులనుంచీ ఆ లోపం అందే అవకాశం ఉంది. ఏటీఎం రెండు ప్రతులూ చెడితే అటాక్సియా టెలాంజియెక్టేసియా, బీఆర్‌సీఏ2 లేదా పీఏఎల్‌బీ2 రెండు ప్రతులూ చెడితే ఫాంకోని ఎనీమియా వస్తాయి. రెండూ చిన్నతనంలోనే బయటపడే తీవ్రమైన జబ్బులు. పిల్లలు ఇంకా కావాలనుకుంటున్న జంట అయితే జన్యు సలహాదారును ముందే కలవాలి.

ఇక స్కాన్. ఏడాదికోసారి, ఒక ఏడు ఎంఆర్ఐ–ఎంఆర్‌సీపీ, మరుసటి ఏడు ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్. మొదటి ఏడు రెండూ చేయిస్తే పోల్చుకోవడానికి మంచి ఆధారం ఉంటుంది. సీటీ ఎందుకు కాదంటే, ప్రతి సీటీ 10 మిల్లీసీవర్టులకు పైగా రేడియేషన్ ఇస్తుంది. ఒకసారికి ఫర్వాలేదు, పాతికేళ్లపాటు ఏటా అంటే తగదు. వీటితోపాటు ఏటా పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ.

ఎంఆర్‌సీపీలో నిశ్చలంగా ఉన్న ద్రవం తెల్లగా వెలుగుతుంది కాబట్టి నాళం మొత్తం గీత గీసినట్టు వస్తుంది. నాళం బొమ్మ వరకే అయితే సూది మందు కూడా అక్కర్లేదు, కానీ గడ్డ కోసం వెతికేటప్పుడు గాడోలినియం మందుతో, డిఫ్యూజన్ బొమ్మలతో కలిపి తీయించాలి. 4–6 గంటలు ఖాళీ కడుపుతో వెళ్లాలి. జీర్ణాశయంలో మిగిలిన నీరు కూడా తెల్లగా వెలిగి నాళాన్ని కప్పేస్తుంది. అందుకని కొన్ని సెంటర్లలో ముందు ఒక గ్లాసు అనాసపండు రసం తాగిస్తారు. అందులోని మాంగనీసు ఆ తెలుపును నల్లబరుస్తుంది. గుంటూరులో మీ అన్నయ్యకు అలా ఇస్తే ఆశ్చర్యపోవద్దని చెప్పండి. ఊపిరి బిగపట్టమన్నప్పుడు 15–20 సెకన్లు కదలకుండా ఉండాలి. బొమ్మ చెడిపోవడానికి మొదటి కారణం అదే. ముందే ఇంట్లో నాలుగుసార్లు సాధన చేసి వెళ్లడం మంచిది.

ఫలితం ఉంటుందా అంటే, ఉంటుందనే చెబుతాం. జాన్స్ హాప్‌కిన్స్ ఆధ్వర్యంలో సాగిన క్యాప్స్ అధ్యయనాల లెక్కలు 2022లో వచ్చాయి. 1,731 మంది ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లలో 26 మందికి క్యాన్సర్ వచ్చింది. పరీక్షలు మానకుండా చేయించుకుంటూ ఉండగా దొరికినవాళ్లు 19 మంది, వాళ్లలో సగానికి పైగా మొదటి దశలోనే దొరికారు. పరీక్షల బయట దొరికిన ఏడుగురిలో ఆరుగురికి అప్పటికే నాలుగో దశ. మొదటివాళ్లు బతికిన మధ్యస్థ కాలం 9.8 ఏళ్లు, రెండోవాళ్లది ఏడాదిన్నర. ఇందులో కొంత తేడా ముందుగా కనుక్కోవడం వల్ల లెక్క పొడుగ్గా కనిపించడమే అయినా, దశలో వచ్చిన తేడాను అలా కొట్టిపారేయలేం. ఒక ఏడాది కూడా వదలకండి.

ప్రశ్న: మా తమ్ముడికి 34. ఇరవయ్యో ఏటినుంచి క్లోమంలో రాళ్లు, ఇప్పుడు షుగర్, ఇన్సులిన్ వాడుతున్నాడు. తాగే అలవాటు లేదు. అది క్యాన్సర్ అవుతుందని ఎవరో అన్నారట, నిద్రపోవడం లేదు. – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: దక్షిణ భారతంలో మద్యం ముట్టని కుర్రవాళ్లకు వచ్చే ఈ జబ్బును ట్రాపికల్ క్లోమ వాపు అంటారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) శాస్త్రవేత్తలు 2002లో దీనికి స్పింక్1 అనే జన్యువులో మార్పుతో సంబంధం ఉందని చూపించారు. తాగుడు వల్ల కాదు, తమ్ముడి తప్పు ఏమీ లేదు. క్యాన్సర్ ముప్పు మామూలు వాళ్లకంటే ఎక్కువ అన్నది నిజమే. అయినా ఎక్కువమందికి రాదు. వచ్చేవాళ్లకు కూడా సాధారణంగా మరికొన్నేళ్లు గడిచాకే వస్తుంది.

ఇక్కడ స్కాన్లకు ఇబ్బంది ఉంది. రాళ్ల నీడ వల్ల ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌లో వెనక భాగం నల్లగా మూసుకుపోతుంది. నాళం ముందే వెడల్పై ఉంటుంది, క్లోమం ముందే సన్నబడి ఉంటుంది. కాబట్టి తొలి ఆనవాళ్లన్నీ జబ్బులోనే కలిసిపోతాయి. అందుకే ఇలాంటివాళ్లకు పాత స్కాన్ల సీడీలు బంగారంతో సమానం. గుండ్రంగా ఒక చోట ఉన్న రాళ్లు పక్కకు నెట్టుకుపోయినట్టు కనిపించినా, గడ్డలా ఒక వైపు ఉబ్బినా, పోల్చి చూస్తేనే తెలుస్తుంది.

వీటిలో ఏది జరిగినా వారం లోపు డాక్టర్ దగ్గరకు వెళ్లమనండి: చాలాకాలం తగ్గిన నొప్పి తీరు మారి వీపులోకి పోతూ రాత్రుళ్లు లేపడం, ఎంజైమ్ మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నా బరువు తగ్గడం, ఇన్సులిన్ అవసరం కారణం లేకుండా పెరగడం, కామెర్లు. సిగరెట్, బీడీ ముట్టకూడదు. క్లోమ వాపు మీద పొగ పడితే ముప్పు మరింత పెరుగుతుంది.

ప్రశ్న: కిడ్నీ రాయికని తీసిన స్కాన్‌లో నా క్లోమంలో 1.4 సెం.మీ. నీటితిత్తి ఉందన్నారు. తీయించేయాలా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అక్కర్లేదు, ముందు అది ఏ రకమో ఎంఆర్‌సీపీలో చూడాలి. నాళం కొమ్మకు అతుక్కుని ఉన్న ఐపీఎంఎన్ (నాళం పొరలో పుట్టి జిగురు ద్రవం నింపే తిత్తి) అయితే, 2024లో వచ్చిన క్యోటో మార్గదర్శకాల ప్రకారం 2 సెం.మీ. లోపు తిత్తికి ఆరు నెలల తర్వాత ఒక్కసారి చూసి, మారకపోతే 18 నెలలకోసారి చూస్తే చాలు. కామెర్లు రావడం, తిత్తి గోడలో 5 మి.మీ. లేదా అంతకంటే పెద్ద మందు పీల్చే బుడిపె, ప్రధాన నాళం 10 మి.మీ.కి చేరడం – ఇవి ఆపరేషన్ మాట ఎత్తే గుర్తులు. నాళం 5 నుంచి 10 మధ్య ఉన్నా, తిత్తి 3 సెం.మీ.కి పెరిగినా, ఏడాదికి 2.5 మి.మీ. లేదా అంతకు మించి పెరుగుతున్నా, కొత్తగా షుగర్ వచ్చినా ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ చేయిస్తారు. ఇంకో మాట: ఐపీఎంఎన్ ఉన్నవాళ్లలో క్యాన్సర్ తిత్తిలోనే కాక దూరంగా క్లోమంలో మరోచోట కూడా పుట్టొచ్చు. కాబట్టి ప్రతిసారీ తిత్తి కొలత ఒక్కటే కాకుండా మొత్తం క్లోమాన్ని చూసి రాయమనండి.

ప్రశ్న: కృత్రిమ మేధ, ఫోటాన్ కౌంటింగ్ సీటీ వచ్చాక ఎండోస్కోపీ అవసరం ఉండదంటున్నారు, నిజమేనా? ఇంకొకటి, మా పెదనాన్నకు నొప్పి లేకుండా కామెర్లు వచ్చాయి. రేపు స్టెంట్ వేస్తామంటున్నారు. – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మొదటిదానికి క్లుప్తంగా చెప్పి రెండోదానికి వస్తాం, అది తొందరపనిది.

చైనాలో అలీబాబా పరిశోధన విభాగం వాళ్లతో కలిసి తయారైన ‘పాండా’ అనే ప్రోగ్రాం, సూది మందు లేని మామూలు సీటీలో క్లోమ గడ్డలను గుర్తిస్తుంది. 2023లో ‘నేచర్ మెడిసిన్’లో వచ్చిన ఫలితాల్లో, ఆసుపత్రికి వరసగా వచ్చిన 20,530 మంది మీద అది 92.9 శాతం గడ్డలను పట్టింది, లేనివాళ్లను లేరని 99.9 శాతం సరిగ్గా చెప్పింది. మేలైన ఫలితమే. వేరే కారణానికి తీసిన సీటీల్లో దాగిన గడ్డలను ఎత్తిచూపడానికి ఇది పనికొస్తుందని మా నమ్మకం. కానీ ‘ఉంది’ అన్నాక నిర్ధారించడానికి మళ్లీ ప్రోటోకాల్ సీటీ, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండే కావాలి. మన జనాభాలో పరీక్షించి చూడటం కూడా అవసరం, ముఖ్యంగా రాళ్ల క్లోమాలు ఎక్కువ ఉన్న మన దగ్గర. ఫోటాన్ కౌంటింగ్ సీటీకి (ఎక్స్‌రే కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే కొత్తరకం సీటీకి) అమెరికాలో 2021 సెప్టెంబరులో అనుమతి వచ్చింది. 0.2 మి.మీ. దాకా సన్నటి వివరం చూపిస్తుంది, అయోడిన్ మందు తేడాను మామూలు సీటీ కంటే బాగా పట్టుకుంటుంది. అయితే అందులో కూడా 45 సెకన్ల విడత తప్పితే గడ్డ తప్పుతుంది.

ఇక మీ పెదనాన్నగారు. నొప్పి లేని కామెర్లు, తెల్లబడిన మలం, ముదురు మూత్రం, దురద – క్లోమం తలలో గడ్డకు ఇవి బాగా తెలిసిన గుర్తులు. తల భాగంలో గడ్డ చిన్నగా ఉన్నప్పుడే పిత్తనాళాన్ని నొక్కి కామెర్లు తెప్పించొచ్చు. అంటే ఇది ఇంకా ఆపరేషన్‌కు వీలైన దశ కావచ్చు. అందుకే స్టెంట్ (పిత్తనాళాన్ని తెరిచి ఉంచే గొట్టం) వేసే ముందే పాంక్రియాటిక్ ప్రోటోకాల్ సీటీ జరిగి ఉండాలి. స్టెంట్ వేశాక తీస్తే లోహపు స్టెంట్ నుంచి గీతలు పడతాయి. స్టెంట్ వేసే ఎండోస్కోపీ, అంటే ఈఆర్‌సీపీ వల్ల వాపు వస్తే గడ్డ అంచు, రక్తనాళానికి దాని దూరం చెప్పలేం. ఆపరేషన్ అవుతుందా కాదా అన్న నిర్ణయం ఆ రెండు మూడు మిల్లీమీటర్ల మీదే ఉంటుంది.

ఈ రాత్రే డాక్టర్‌ను అడగండి: ‘బైఫేజిక్ సీటీ అయిందా? కాకపోతే స్టెంట్ రేపు తప్పనిసరా?’ చలి జ్వరంతో పిత్తనాళానికి చీము పట్టినా, బిలిరూబిన్ (రక్తంలో కామెర్ల కొలత) చాలా ఎక్కువగా ఉన్నా, ముందు కీమో ఇవ్వాలనుకున్నా స్టెంట్ అవసరమే, దాన్ని ఆపమని మేం చెప్పడం లేదు. చీము పట్టి మనిషి తూలుతుంటే సీటీ కోసం కూడా ఆగకూడదు. అవేవీ లేకుండా బిలిరూబిన్ 15 లోపు ఉండి, త్వరలో ఆపరేషన్ చేయగలిగితే చాలాచోట్ల స్టెంట్ లేకుండానే నేరుగా ఆపరేషన్‌కు వెళతారు. సీటీకి పట్టేది పావుగంట. క్రియాటినిన్ రిపోర్టు చేతిలో ఉంటే రేపు పొద్దున్న స్టెంట్‌కు ముందే అయిపోతుంది.